బ్రేకు మీద కాలు

చలికాలంలో కల్యాణదుర్గం వైపు రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఆ రోజుల్లో రోడ్డులో సగం రైతులది. ఉలవచెట్లు పెరికి, మోపులు కట్టి తెచ్చి, తారు మీద మందంగా పరుస్తారు. బస్సులూ లారీలూ వాటి మీదుగా పోతుంటే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఒక బండి పోయి ఇంకో బండి వచ్చేలోగా ఆడవాళ్లు వచ్చి చెట్లు తిరగేస్తారు. అధికారులు వద్దంటారు, రైతులు సరేనంటారు, మర్నాడు మళ్లీ పరుస్తారు. డ్రైవర్లు కూడా ఏమీ అనుకోరు, కాస్త నెమ్మదిగా పోనిస్తారు. ఈ ఏర్పాటు గురించి ప్రపంచంలో ఏ బ్రేకుకూ తెలియదు. హేమావతి తయారుచేసిన బ్రేకుకు కూడా మొదట్లో తెలియదు.

దాని పేరు చూపు. బండి ముందద్దం వెనక అతికించే చిన్న నల్ల పెట్టె. ఎదురుగా ఏది కనపడినా అది వేసుకునే ప్రశ్న ఒక్కటే: దీని మీదుగా పోవచ్చా, పోకూడదా? పోకూడదనిపిస్తే రెప్పపాటులో బ్రేకు వేస్తుంది. వెనక బండికీ, దాని వెనక బండికీ అదే క్షణంలో కబురు పోయి అన్నీ కలిసి ఆగుతాయి. వాటంతట అవే పడే బ్రేకులు అంతకుముందు లేక కాదు. కానీ ముందు కారు ఠక్కున ఆగితే వెనక లారీ వచ్చి గుద్దేది. ఆ బెడద తీర్చింది హేమావతే. ప్రయోగం కోసమని జిల్లాలో తిరిగే ప్రతి బండికీ ఆ పెట్టె బిగించారు. రెండేళ్లు తిరిగేసరికి పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు బోసిపోయింది. ఆ వార్డు డాక్టరు ఒకాయన ఆమెను ఒక పెళ్లిలో చూసి, "నా పొట్ట కొట్టినావు కదమ్మా" అని నవ్వి, తర్వాత నవ్వు ఆపి చేతులు జోడించాడు. ఆ రాత్రి హేమావతి భోజనం కూడా సరిగా చేయలేదు. కడుపు నిండినట్టే ఉంది.

ఒక్క విషయంలో మాత్రం ఆమె, ఆ పెట్టెలు తయారుచేసే తన సంస్థ డైరెక్టర్ వరదరాజులుతో గట్టిగా పోట్లాడింది. కాలితో తొక్కే బ్రేకు ఇక ఎందుకు, తీసేద్దాం అన్నాడాయన.

"కుదరదు సార్. మన పెట్టె ఏమనుకున్నా సరే, మనిషి తొక్కితే బండి ఆగాల్సిందే" అంది హేమావతి.

చివరికి ఆమె మాటే నెగ్గింది. చూపు ఉన్న ప్రతి బండిలోనూ కాలి బ్రేకు ఎప్పటిలాగే పనిచేసేది. తొక్కే కాలు ఉండాలి, అంతే.

ఆ కాళ్లు ఏమవుతున్నాయో ఆమె తన ఇంట్లోనే గమనించి ఉండాల్సింది. భర్త ప్రహ్లాద హైస్కూల్లో లెక్కల మాస్టారు. వేగం కూడా బండే చూసుకుంటుంది కాబట్టి కారు ఎక్కగానే చెప్పులు విడిచి, సీటు మీద రెండు కాళ్లూ మడిచి బాసింపట్టు వేసుకునేవాడు. ఒక చేయి స్టీరింగు మీద, ఇంకో చేయి వేరుశెనగల పొట్లంలో.

"కాళ్లు కింద పెట్టొచ్చు కదా" అనేది ఆమె.

"ఎందుకు? నా పెండ్లాం చేసిన బ్రేకు. నాకు దాని మీద నమ్మకముంది."

ఇలా అన్నప్పుడు ఏ ఆడదైనా ఏమంటుంది? ఆమె కూడా ఒక గుప్పెడు వేరుశెనగలు తీసుకుని ఊరుకునేది.

ఉలవల గొడవ వచ్చింది పెట్టెలు బిగించాక మొదటి కోతలప్పుడే. చూపు ఉన్న బండి ఉలవచెట్లను చూసి, ఇదేదో అడ్డం అనుకుని ఆగిపోయింది. వెనక బస్సు ఆగింది, దాని వెనక ట్రాక్టరు ఆగింది. పక్కకు తప్పించుకుందామంటే అటువైపు కూడా ఇంకొకరి ఉలవలు. గంటల తరబడి బండ్లు నిలిచిపోయాయి. ప్రయాణికులు డ్రైవర్లను తిట్టారు, డ్రైవర్లు రైతులను తిట్టారు, రైతులు అందరికీ కలిపి ఆ పెట్టెను తిట్టారు.

సంస్థలో ప్రయోగాల కారు నడిపే ఓబులేసు అప్పుడు హేమావతి దగ్గరికి వచ్చాడు. చాలా ఏళ్లు లారీ నడిపి, వయసు మీద పడ్డాక ఈ పనిలో చేరిన మనిషి. సంస్థకు ఆనుకుని ఉన్న ఎర్రగుంటపల్లిలో ఇల్లు, రోడ్డు పక్కనే కాస్త చేను. చేను పని అంతా భార్య తిప్పమ్మదే.

"మా ఇంటామె నాకు అన్నం పెట్టేటట్ల లేదు మా" అన్నాడు. "ఊర్లో బండ్లన్నీ నీ ఆఫీసు వల్లే నిలబడిపోయినాయి, నువ్వే వచ్చి కట్టెతో కొట్టి రాల్చు అంటాండాది. కొంచెం దానికి చెప్పు మా. ఉలవలు అడ్డం కాదు, రోడ్డే అని."

హేమావతికి ఆ మాట నచ్చింది. పరదేశాల్లో చేసిన బ్రేకు దేనికీ రాని ఆలోచన. మన రోడ్డు, మన రైతు, మన బ్రేకు. ఒక బ్రేకుకు ఉలవలంటే ఏమిటో నేర్పడం తలచుకుంటేనే ఆమెకు సరదాగా అనిపించింది.

చూపుకు ఏదైనా నేర్పాలంటే ముందు చూపించాలి. ఉలవలు పరిచిన రోడ్డు మీద కారును అటూ ఇటూ తిప్పాలి. ఇవి ఉలవలు, వీటి మీదుగా పో. వీళ్లు మనుషులు, వీళ్లు కనపడితే ఆగు. అందుకు మనుషులు కూడా కావాలి కదా. ఎర్రగుంటపల్లి ఆడవాళ్లు ఫలానా రోజు కళ్లం దగ్గర ఎప్పటిలా పని చేసుకుంటూ ఉండాలని, కెమెరాలో పడతారని ఓబులేసు చేత కబురు పంపింది.

కెమెరా అన్న మాట విన్నాక ఏ ఊళ్లో ఆడవాళ్లు ఎప్పటిలా ఉంటారు? ఆ రోజు హేమావతి వెళ్లేసరికి ఊరు ఊరంతా తిరునాళ్లకు బయలుదేరినట్టు ఉంది. పెట్టెల్లోంచి తీసిన పట్టుచీరలు, జడల నిండా కనకాంబరాలు. తిప్పమ్మ ఎర్రంచు పచ్చచీర కట్టి, ముఖానికి పౌడరు కూడా రాసుకుంది. మోపులన్నీ మగవాళ్ల చేత ముందుగానే మోయించి రోడ్డు మీద పరిపించేశారు. చీరలకు దుమ్ము అంటుతుందని ఒక్కరూ మోపు ముట్టుకోలేదు. చేతిలో కట్టె పట్టుకుని, కారు రాగానే నిటారుగా నిలబడి ముఖం చూపించేవాళ్లు.

"కొంచెం వంగి పని చేయండమ్మా" అంటే వంగారు. "అటు నుంచి ఇటు నడవండి" అంటే నడిచారు. "పడుకోండి" అంటే పడీపడీ నవ్వి, ఒక ముసలమ్మ చాప వేయించుకుని పడుకుంది. కారు ప్రతి ఒక్కరికీ ఆగింది. ఉలవల మీదుగా మాత్రం మెత్తగా పోయింది.

"మా ఫోటోలు మాకిస్తారా?" అని తిప్పమ్మ అడిగింది.

"ఇస్తానక్కా, పెద్దది చేయించి ఇస్తాను" అంది హేమావతి. ఆ పూట ఆమె నవ్వినంత ఈ ఉద్యోగంలో ఎప్పుడూ నవ్వలేదు. పని చేసే చీరల్లో మళ్లీ ఒకసారి రమ్మని అడగాలని తోచనైనా తోచలేదు.

ఆ పాఠం అన్ని పెట్టెలకూ ఎక్కించాక, ఆ ఏడాది మిగిలిన కోతలు హాయిగా గడిచాయి. బండ్లు ఉలవల మీదుగా పోయాయి, మనుషులు కనపడితే ఆగాయి. ఎర్రగుంటపల్లి వాళ్లు సంస్థకు ఒక బస్తా ఉలవలు పంపారు. అందరూ చారు పెట్టుకుని తిన్నారు.

ఆ మరుసటి ఏడు కోతలప్పుడు, బాగా ఎండ ఎక్కిన ఒక పొద్దున, ఓబులేసు కారు నడుపుతున్నాడు. హేమావతి వెనక సీట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గరపడింది. రోడ్డు మీద ఉలవలు పరిచి ఉన్నాయి. కారు వేగం తగ్గించుకోలేదు, తగ్గించుకోవలసిన అవసరమూ లేదు, అది రోడ్డే కదా. ముందు, చేలోంచి ఒక మోపు రోడ్డు మీదికి ఎక్కుతోంది. పెద్ద మోపు. ఉలవతీగలు చుట్టూ జారి మోసే మనిషిని మోకాళ్ల దాకా కప్పేశాయి. ఉలవలే నడిచి వస్తున్నట్టు ఉంది.

"అదిగో, మా ఇంటామె" అన్నాడు ఓబులేసు. "నడక చూస్తానే చెప్తా నేను. చూడు మా, ఎంత మోపు ఎత్తుకున్యాదో. చెప్తే ఇనదు."

అతని గొంతులో నవ్వు ఉంది. హేమావతి తలెత్తి ముందుకు చూసింది. కారు ఆగుతుందనే ఆమె కూడా చూసింది. ఆగలేదు. ఆ అరక్షణంలో ఆమె కళ్లు ఎందుకో ఓబులేసు కాళ్ల వైపు పోయాయి. చెప్పులు కింద ఉన్నాయి. కాళ్లు రెండూ సీటు మీద మడిచి ఉన్నాయి.

అతను స్టీరింగు తిప్పబోయాడు. సగమే తిరిగింది.

కారు ఉలవల మీదుగా పోయింది.

ఆ తర్వాత జరిగినవి హేమావతికి ముక్కలు ముక్కలుగానే గుర్తు. ఓబులేసు రోడ్డు మీద కూలబడి తీగలు లాగి పారేయడం, ఎంత లాగినా ఇంకా తీగలే రావడం. ఆడవాళ్లు పరుగున రావడం. వెనక బస్సు వాళ్లను చూసి తనంతట తానే ఎంతో మర్యాదగా ఆగి, తలుపు తెరుచుకోవడం. తిప్పమ్మ ప్రాణం అక్కడే పోయింది. ఆసుపత్రి దాకా ఎవరూ ఆశ పెట్టుకోలేదు, అయినా తీసుకుపోయారు.

చూపు ఎక్కడ పొరబడిందో కనిపెట్టడానికి పరిశోధన అక్కరలేకపోయింది. తలమీద మోపు ఉన్న మనిషిని దానికి ఎవరూ చూపించలేదు. దాని లెక్కలో ఆడవాళ్లంటే పట్టుచీర కట్టుకుని ముఖం చూపించేవాళ్లు. మిగతాదంతా ఉలవలు. ఇది తన తప్పని హేమావతికి తెలుసు. ఒక్క మాట, మోపులు ఎత్తుకోండి అని ఒక్క మాట ఆ రోజు అని ఉంటే సరిపోయేది. ఆమె ఆసుపత్రి గోడకు తల ఆనించి ఏడ్చింది. ఏడిస్తే తీరేదైతే ఆ రోజుకే తీరిపోయి ఉండేది.

సాయంత్రం శవాన్ని ఇచ్చేదాకా ఓబులేసు మార్చురీ బయట బెంచీ మీద కూర్చున్నాడు. గుడ్డల నిండా ఉలవపొట్టు. ఆమె పోయి పక్కన కూర్చుంది. అతను అడిగాడు.

"నేను బ్రేకు తొక్కితినా మా?"

హేమావతి అతని ముఖం చూసింది. నిజంగానే గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవడానికి బతిమాలుతున్నట్టు తన పాదం వైపే చూసుకుంటున్నాడు.

"నువ్వు వెనకాలే ఉంటివి కదా. చూసింటావు. తొక్కితినా?"

"తొక్కినావన్నా."

"మరి ఎందుకు ఆగలేదు?"

"బండి వినలేదు. నీ తప్పేం లేదు. తప్పంతా పెట్టెది. నాది."

అతను కళ్లు మూసుకున్నాడు. ఆ ముఖంలో కాస్తంత బరువు దిగడం ఆమె చూసింది. ఆ మాత్రం దింపగలిగింది కాబట్టి, అబద్ధం ఆడినందుకు ఆమె పశ్చాత్తాపపడలేదు. మనిషి బతకాలి కదా. ఒక తప్పును తను ఎలాగూ మోస్తోంది, దాని పక్కన రెండోది కూడా మోయలేనా అనుకుంది.

కానీ అబద్ధం బెంచీ మీద ఆగలేదు. పోలీసులు అడిగారు, అదే చెప్పింది. విచారణ కమిటీ అడిగింది, అదే చెప్పింది. తయారుచేసిన మనిషే తప్పు ఒప్పుకుంటుంటే వాళ్లు ఇంక కారును పరీక్షించి చూడలేదు. లేకపోతే ఓబులేసును నిర్లక్ష్యం కింద జైల్లో పెట్టేవాళ్లు.

"ఏం మాట్లాడుతున్నావమ్మా? పెడలు నొక్కితే ఆగదా? ఆగుతుందని నాతో కొట్లాడింది నువ్వే కదా" అన్నాడు వరదరాజులు, కమిటీ గది బయట.

"ఆ రోజు ఆగలేదు సార్."

ఆయన ఆమెను తేరిపార చూసి వెళ్లిపోయాడు.

డ్రైవరు తొక్కినా వినని బ్రేకు! పత్రికలకు అంతకంటే ఏం కావాలి? బస్సు డ్రైవర్లు సమ్మె చేశారు. ఎర్రగుంటపల్లి వాళ్లు రాళ్లతో సంస్థ అద్దాలు పగలగొట్టారు. జిల్లాలో అన్ని బండ్ల నుంచీ ఆ పెట్టెలు వెంటనే విప్పేయాలని ఉత్తర్వు వచ్చింది. విప్పేశారు.

రెండు సంవత్సరాల పాటు జిల్లాలో బ్రేకు తొక్కని కాళ్లు మళ్లీ తొక్కాల్సి వచ్చింది. పెట్టెలు పోయాయి కానీ అలవాటు పోలేదు. ఒక లారీ నేరుగా వారపు సంతలోకి దూసుకుపోయింది. డ్రైవరును బయటికి లాగితే, ఆగుతుందనుకున్నాను, ఆగుతుందనుకున్నాను అంటూ ఉన్నాడట. కాలేజీకి పోతున్న అక్కాచెల్లెళ్లను మలుపులో బస్సు కొట్టేసింది. ఎముకల వార్డులో మంచాలు నిండి, వరండాలో చాపలు పరిచారు. పెట్టెలు రాకముందు కూడా ఇంత ఘోరం ఎప్పుడూ లేదని డాక్టర్లు అన్నారు. హేమావతి పేపరు చదవడం మానేసింది. ప్రహ్లాద చదివి దాచేసేవాడు, అతని ముఖం చూస్తే ఆమెకు తెలిసిపోయేది.

ఒక ఆదివారం ఇద్దరూ కారులో బజారుకు బయలుదేరారు. వీధి మలుపు తిరిగాక ఆమె పక్కకు చూసింది. ప్రహ్లాద ఎడమకాలు సీటు మీద మడిచి ఉంది. పెడలు మీద ఉన్న కుడికాలు కూడా మెల్లగా పైకి వస్తోంది. అతనికి తెలియనే తెలియదు.

హేమావతి కేక వేసింది. వీధిలో జనం తిరిగి చూసేంత కేక. అతను కారు పక్కన ఆపేసి, భయపడి, ఆమె చేయి పట్టుకున్నాడు.

"ఆపినాను కదా. ఆపినాను, చూడు."

"నువ్వు ఇంక నడపొద్దు" అంది ఆమె. కారు దిగి ఇంటికి నడిచిపోయింది. దారి పొడవునా, తను బ్రేకు తయారుచేసిందా లేక జిల్లాలో అందరి కాళ్లూ నరికేసిందా అని అడుగుకొకసారి తన్ను తాను ప్రశ్నించుకుంది.

ఆ వారంలోనే ఓబులేసు సంస్థకు వచ్చాడు. తిప్పమ్మ పోయాక అదే రావడం. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. చంకలో ఒక ఉలవమోపు ఉంది. నేరుగా గోడకు తగిలించిన కారు తాళంచెవి తీసుకున్నాడు, అలవాటే కదా, ఎవరూ ఆపలేదు. ప్రయోగాల కారుకు మాత్రం చూపు ఇంకా అలాగే ఉంది. హేమావతి పరుగున బయటికి వచ్చేసరికి అతను ఆవరణలోని ఖాళీ రోడ్డు మీద ఆ మోపు విప్పి, చెట్లను ఒద్దికగా పరుస్తున్నాడు.

"ఏం చేస్తున్నావన్నా?"

"ఏం లేదు మా. ఒకసారి చూసుకుంటా" అని కారెక్కాడు.

"వద్దు. దిగన్నా, వద్దు."

అతను కారును దూరం దాకా తీసుకుపోయి, తిప్పి, వేగంగా వచ్చాడు. ఉలవల మీదుగా కారు పోయింది, చూపుకు నేర్పినట్టే. మళ్లీ తిప్పాడు. ఈసారి ఉలవల దగ్గరికి వచ్చేసరికి కాలు తొక్కాడు. కారు ఆగింది. ముందు చక్రం ఉలవలకు తగలనైనా లేదు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ తొక్కాడు, మళ్లీ ఆగింది. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ ఆగింది. హేమావతి రోడ్డు పక్కన నిలబడి ఉంది. తను పట్టుబట్టి సాధించిన పెడలు అంత చక్కగా పనిచేస్తోంది.

చివరికి అతను కారు ఆపి, కిటికీ అద్దం దించాడు.

"ఆగుతాది మా" అన్నాడు. "నా కాలు యాడుండె ఆ పొద్దు?"

ఇంక అబద్ధం ఆడే శక్తి ఆమెకు లేదు.

"మడుచుకోని ఉంటివన్నా."

"దాన్ని చూసింటినా నేను?"

"చూసినావు. మా ఇంటామె అన్నావు."

"తెలిసి కూడా తొక్కలేదన్నమాట."

"ఆగుతుందనుకున్నావు. నేను కూడా అనుకున్నాను."

అతను తల ఊపాడు. ఏడవలేదు. ఆమె కిటికీ పట్టుకుని ఏడుస్తుంటే, ఊరుకో అన్నట్టు చేతి మీద తట్టాడు కూడా. దిగి, చెట్లన్నీ ఏరి మోపు కట్టుకున్నాడు.

"నిజం చెప్పేద్దాం మా. సంతలో సచ్చినోళ్లు ఏం చేసినారు? ఆ పెట్టెలు మళ్లా పెట్టించు. నన్ను పట్టియ్యి. నాకు అదే మేలు."

మర్నాడే ఇద్దరూ కలిసి కమిటీ ముందుకు పోయారు. హేమావతి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఓబులేసు కూడా చెప్పాడు. కమిటీ వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కంపెనీ పెట్టెలు మళ్లీ అమ్ముకోవడానికి బీదవాడి మీదికి తప్పు నెట్టిస్తోందని పేపర్లు రాశాయి. ముందు చెప్పిన మాటలో కన్నీళ్లున్నాయి, ఇప్పుడు చెప్పిన మాట వెనక కంపెనీ ఉంది. జనం దేన్ని నమ్ముతారు? ఓబులేసు డబ్బు తిన్నాడని ఎర్రగుంటపల్లిలో చెప్పుకున్నారు. తిప్పమ్మ అన్నదమ్ములు వచ్చి అతని గుమ్మంలో ఉమ్మేసి పోయారు. చూపు మాట మళ్లీ ఎత్తవద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వరదరాజులు సంస్థలో తన గదికి తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

ఒక మధ్యాహ్నం పోలీసుస్టేషన్ నుంచి హేమావతికి ఫోన్ వచ్చింది. మీ ఓబులేసు పొద్దుటి నుంచి ఇక్కడే కూర్చున్నాడమ్మా, లోపల పెట్టమని గొడవ చేస్తున్నాడు, మీరొచ్చి తీసుకుపోండి అన్నారు. ఆమె పోయేసరికి అతను స్టేషన్ మెట్ల మీద ఉన్నాడు. చెప్పులు పక్కన పెట్టి, రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి కూర్చున్నాడు.

"రా అన్నా, పోదాం" అంది.

అతను తలెత్తలేదు.

"కేసు లేదంట. కాయితాల్లో నేను తొక్కినట్టే ఉండాదంట. ఇంటికి పొమ్మంటాండారు మా" అన్నాడు. "ఇంట్లో ఎవరుండారని పోవల్ల?"